ఏడు పళ్ళ దువ్వెన

పూర్వం తూర్పు సముద్రం ఒడ్డున సంద్రపుకోట అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి శత్రువుల బెడద లేదు. చేలు పండేవి, వలలు నిండేవి. అయినా ఒక ఏడాది దానికి ఎవరూ కనీవినీ ఎరుగని కష్టం వచ్చింది. అక్కడి మనుషులకు కన్నీళ్ళు రావడం మానేశాయి.

మొదట్లో దీన్ని ఎవరూ కష్టమనుకోలేదు. ఉల్లిపాయలు తరిగే వంటవాళ్ళు సంతోషించారు. ఉయ్యాలలో పిల్లలు గుక్కపట్టి ఏడ్చినా చెంపలు తడవకపోవడం చూసి తల్లులు దొంగ ఏడుపని నవ్వుకున్నారు. కానీ ఆ ఏడాది కూడా మనుషులు చనిపోయారు. చావు జరిగిన ఇళ్ళలో కళ్ళు ఎండుగానే ఉండిపోయాయి. బయటికి దారి లేని దుఃఖం లోపలే గడ్డకట్టింది. దుఃఖంలో ఉన్న మనిషి ముందు మాట తగ్గించేవాడు. తరువాత కూర్చున్నచోటి నుంచి లేవడం మానేసేవాడు. ఒకనాడు ఎవరో పాదం తాకి చూస్తే అది రాయి అయి ఉండేది. పున్నమి పున్నమికీ ఆ రాయి జానెడు పైకి పాకేది. అది గుండెను చేరితే ఇక ఆ మనిషి లేనట్టే.

మహారాజు కీర్తిసేనుడి రాణి పురిటిబిడ్డను పోగొట్టుకుని మోకాళ్ళ దాకా రాయి అయింది. కన్నీళ్ళు తిరిగి తెచ్చినవారికి కోరింది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. ఒక వైద్యుడు వచ్చి అందరి కళ్ళలో మిరియాల పొడి ఊదాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, సభంతా తుమ్మింది, అంతే. ఒక కథకుడు నాలుగు రోజులపాటు కరుణ కథ చెప్పాడు. మూడో రోజుకే సగంమంది నిద్రపోయారు. చుట్టుపక్కల రాజ్యాల నుంచి ఇరవైమంది రాజకుమారులు గుర్రాలెక్కి వెళ్ళి వట్టి చేతులతో తిరిగి వచ్చారు.

ఆ రాజ్యంలోనే, ఇసుక దిబ్బల వెనుక ఏరువాళ్ళ గూడెం ఉండేది. ఏరువాళ్ళకు బంగారంతో, వెండితో పని లేదు. అల వదిలిన గవ్వ, చెట్టు రాల్చిన గింజ, పక్షి విడిచిన ఈక, ఏరు నునుపు చేసిన రాయి ఏరి తెచ్చి, బెజ్జం పొడిచి, దండలు గుచ్చేవారు. వారికి మూడు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, రాలిందే ఏరాలి, చెట్టున ఉన్నది కోయకూడదు. రెండోది, ఏరేముందు "ఎవరిదమ్మా?" అని మూడుసార్లు అడగాలి. ఒక్కోసారి అడిగాక ఒక అల వచ్చి పోయేదాకా, అడవిలోనైతే ఒక గాలి వీచి ఆగేదాకా ఆగాలి. ఎవరూ పలకకపోతేనే అది మనది. మూడోది, మనిషి పోయిన పదకొండో రోజున వారి మెడలోని దండ విప్పాలి. ఏ పూస ఎక్కడ దొరికిందో అక్కడికే తీసుకుపోయి, అది దొరికిన సంగతి నోరు తెరిచి చెప్పి, వదిలేయాలి.

ఆ గూడెంలో పైడయ్య, అతని కూతురు చెంగల్వ ఉండేవారు. చెంగల్వకు పన్నెండేళ్ళు. తల్లి సూరమ్మ పోయి ఏడాది అవుతోంది. సూరమ్మ దండ మాత్రం ఎవరూ విప్పలేదు. పదకొండో రోజున పెద్దలు అడిగితే, "కనపడలేదు" అంది చెంగల్వ. అది ఆమె నడుము దగ్గరి గుడ్డసంచిలోనే ఉంది. ఆనాటి నుంచి ఆమె తల్లి పేరు ఎత్తలేదు. పైడయ్య గడప మీద కూర్చుని సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు ఆయన నడుము దాకా రాయి.

"అయ్యా, గంజి తాగు," అంది చెంగల్వ ఒక ఉదయం.

"నువ్వు తాగేవేటి?"

"తాగేను."

"అబద్దమాడకే. కుండలో ఎంతున్నాదో ఇక్కడి నుంచే కనపడతన్నాది."

చెంగల్వ ముంత ఆయన చేతికిచ్చి, నడుము మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా తగిలింది.

"మొలతాడు కూడా రాయైపోనాది," అన్నాడు పైడయ్య. "ఇంక తెగిపోతాదన్న బెంగ లేదు."

ఆ మాటకు నవ్వాలని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ నవ్వలేదు. నిన్ననే పున్నమి. వచ్చే పున్నమికి రాయి గుండెను తాకుతుంది.

"అయ్యా, నాను ఉప్పుదిబ్బ ముని దగ్గరకెల్తాను. ఏదో దారి చెప్తాడు."

"పున్నం లోగా వచ్చీయ్," అన్నాడు పైడయ్య. ఆమె నడుము దగ్గరి సంచిని ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఉప్పుదిబ్బ ముని ఎన్నాళ్ళుగా అక్కడ కూర్చున్నాడో ఎవరికీ తెలియదు. గడ్డంలో ఉప్పు పేరుకుని తెల్లగా మెరుస్తూ ఉంటుంది. చెంగల్వ దండం పెట్టి రాజ్యం కష్టం చెప్పబోయింది.

"కష్టం నాకు తెలుసమ్మా," అన్నాడు ముని. "ముందు సంచిలో ఏముందో చూపించు."

చెంగల్వ కదల్లేదు. ఆయన తొందరపెట్టలేదు. ఎండ దిబ్బ ఎక్కి నడినెత్తికి వచ్చాక ఆమె సంచి ముడి విప్పింది. ఇరవైయొక్క గురివింద గింజలు, బెజ్జమున్న ఏటిరాయి ఒకటి, నల్లగా నిగనిగలాడే కుంకుడు గింజలు తొమ్మిది, నడుమ పొడుగాటి తెల్ల పూసలు ఏడు. అన్నీ సూరమ్మ తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను పేని చేసిన తాడు మీద ఉన్నాయి. రాలిన వెంట్రుక కూడా రాలిందే కదే, అనేది సూరమ్మ.

ముని తెల్ల పూసల మీద వేలు పెట్టాడు. "ఇవి ఎక్కడివి?"

"ఒడ్డున దొరికాయి. చేప ముల్లు అనుకున్నాను. అమ్మకు జ్వరం. దండకు నడుమ తెల్లపూసలుంటే బాగుండేదని అంది. నేను పరిగెత్తి తెచ్చాను."

"మూడుసార్లు అడిగావా?"

"అడిగాను."

"మూడు అలలు ఆగావా?"

చెంగల్వ తల దించుకుంది. ఆ రోజు ఆమె మూడు ప్రశ్నలూ ఒక్క ఊపిరిలో అడిగేసింది. అమ్మ ఒళ్ళు కాలిపోతోంది. అల కోసం ఆగే ఓపిక ఎక్కడిది?

"ఇవి చేప ముళ్ళు కావు. శోకాలమ్మ దువ్వెన పళ్ళు," అన్నాడు ముని. "రాజ్యంలో ఎవరికి పోయే కాలం వచ్చినా ముందు ఆమె జుట్టు విరబోసుకుని, దువ్వుకుంటూ ఏడుస్తుంది. ఆమె ఏడిస్తేనే మన కళ్ళలో ఊట తెరుచుకుంటుంది. దువ్వెన పోయింది, జుట్టు చిక్కుపడింది, ఏడుపు ఆగిపోయింది. ఉత్తరాన గురివింద అడవి, అది దాటితే పెద్దేరు, ఏరు దాటితే బోలుకొండ. ఆమె కొండ లోపల ఉంటుంది. దారిలో ఎవరిది వారికి ఇచ్చేస్తూ పో. దొరికిన సంగతి చెప్పి ఇవ్వాలి, మరిచిపోకు. కొండలో ఎవరేం పెట్టినా తినకు. తింటే తిరిగి రాలేవు. అక్కడ నిజం కానివి కనిపిస్తాయి. ఈ రాతి బెజ్జంలోంచి చూస్తే నిజమేదో తెలుస్తుంది."

"అమ్మ..." అని ఆగిపోయింది చెంగల్వ. తల్లి చావు మాట ఆమె ఎత్తడం ఏడాదిలో అదే మొదలు. "నేను ఇది తేవడం వల్లేనా అమ్మ..."

"అది నన్ను కాదు, ఆమెను అడుగు," అన్నాడు ముని.

పది రోజులు నడిచాక గురివింద అడవి వచ్చింది. చెట్టు కనిపించకుండా తీగలు అల్లుకుపోయి ఉన్నాయి. చెంగల్వ పది అడుగులు వేసిందో లేదో, ఒక తీగ పాములా వచ్చి కాలికి చుట్టుకుంది. తీగల మధ్య నుంచి ఒక రాక్షసి ముఖం బయటపడింది. జుట్టంతా ఆకులు, కళ్ళు గురివింద గింజల్లా ఎర్రన.

"ఎవర్తివే, నా అడివి తొక్కుతున్నావు?"

"ఏరువాళ్ళ పిల్లనమ్మా. దారి ఇవ్వు."

"దారా? రాజ్యమంతా కొయ్యబారిపోయిందంట కదా. ఏ పాపాత్ముడు చేశాడో తెలిసిందా?"

చెంగల్వ చూపు కాలి తీగ మీదికి దించుకుంది.

రాక్షసి పకపకా నవ్వింది. "గురివింద గింజ తన కింది నలుపెరగదంట. నా గింజలు నీ దగ్గరున్నాయి, వాసన తెలుస్తోంది. పెట్టు ఇక్కడ."

చెంగల్వ ఒక్కో గింజ తీసి నేల మీద పెట్టింది. "ఇవి వేసవిలో కాయ పగిలి రాలినవి. అమ్మా నేనూ ఏరాం. అమ్మ మూడుసార్లు అడిగింది," అంది, అప్పజెప్పే పాఠంలా. ఇరవై గింజలు పెట్టింది. ఒకటి గుప్పిట్లో దాచుకుంది. ఇరవై తీగలు విడిపోయి దారి తెరుచుకుంది. కాలి తీగ మాత్రం విడవలేదు. లాగిన కొద్దీ బిగిసింది.

"నాకు లెక్క రాదనుకున్నావా?" అంది రాక్షసి, ఈసారి నవ్వకుండా. "ఆ ఒక్కటీ ఎందుకు దాచావు?"

చెంగల్వ గుప్పిట విప్పి చూసుకుంది. ఆ గింజకు నలుపు మచ్చ ఒక పక్కకు జారి ఉంది. "దీనికి మెల్లకన్ను. అందరూ పారేయమన్నారు. అమ్మ పారేయలేదు. మెల్లకన్ను పిల్లకు పెళ్ళి కాదంటారు గానీ దండలో చోటు ఉండదా అంది. గుచ్చేటప్పుడు దీన్ని మెడ వెనక, జడ కిందికి వచ్చేలా గుచ్చింది. ఎవరూ వెక్కిరించకుండా."

చెంగల్వ ఆ గింజను మిగతావాటికి కాస్త ఎడంగా, ఆకు నీడలో పెట్టింది. కాలి తీగ దానంతట అదే జారిపోయింది.

పెద్దేరు దగ్గర ఒక పడవ, దానిలో ఒక రాకాసి ఉన్నాడు. మనిషి ఎంత పెద్దవాడంటే, అతను కూర్చుంటే పడవ అంచుకు నీళ్ళు నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నాయి.

"ఏటే గుంటా, నువ్వు కూడా కత్తి ఇస్తావేటి?" అన్నాడు ఆవులిస్తూ. "ఇరవైమంది రాజుల కొడుకులొచ్చేరు. అందరూ కత్తులే సూపించేరు. నాకెందుకే కత్తులు, సేపల పొలుసు గీరడానికా?"

"ఏం కావాలి మరి?"

"నా ఏటిరాయి. బెజ్జమున్నది."

చెంగల్వ సంచి మీద చెయ్యి వేసుకుంది. "అదిస్తే కొండలో నిజం అబద్ధం తెలియదు తాతా. వచ్చేటప్పుడు ఇస్తాను."

"కొండలోంచి వొచ్చినోళ్ళే లేరు, వొచ్చేటప్పుడు ఇస్తాదంట." రాకాసి తెడ్డు పక్కన పెట్టి పడుకున్నాడు. "నీ ఇష్టం. ఏరు ఎక్కడికీ పోదు, నానూ పోను."

ఆ రోజంతా చెంగల్వ ఒడ్డునే కూర్చుంది. ఇక్కడికి రావడానికి పన్నెండు రోజులు, తిరిగి పోవడానికి మరో పన్నెండు. అయ్య రాయి కొద్దికొద్దిగా పైకి పాకుతూ ఉంటుంది. సాయంత్రానికి లేచి రాయిని తాడు నుంచి తీసింది. ఇచ్చేముందు ఒకసారి కంటికి పెట్టుకుంది. బెజ్జంలోంచి చూస్తే పడవలో రాకాసి లేడు. ఎముకల గూడులాంటి ముసలి పడవవాడు ఒకడు, కాళ్ళు మోకాళ్ళ దాకా రాయి, నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు.

"తాతా, ఈ ఏట్లో ఎవరు పోయారు?"

రాకాసి ఏట్లోకి చూశాడు. "నా కొడుకు. ఏడుపు రాలేదు. ఇలా ఉబ్బిపోనాను," అన్నాడు. "రాయి సంగతి సెప్పు."

చెంగల్వ చెప్పింది. "ఇది ఈ ఏటి ఒడ్డున దొరికింది. ఇంటికి తెచ్చిన రోజున మా అయ్య ఇంట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అమ్మ ఈ బెజ్జంలోంచి ఆయన్ను చూసింది. ఎంతసేపో చూసి, ఇందులోంచి చూసినా అలాగే ఉన్నాడే చెంగీ, నిజంగా ఇంతే కాబోలు, నాకు తప్పేలా లేదు, అంది."

రాకాసి పొట్ట ఊగేలా నవ్వాడు. పడవ ఊగింది. చెంగల్వ పెదవి కూడా కొంచెం కదిలింది. ఆమె రాయిని నీళ్ళలో వదిలింది. అది బుడుంగుమని మునిగిపోయింది. రాకాసి తెడ్డు అందుకుని ఆమెను ఏరు దాటించాడు.

బోలుకొండ బయటికి మామూలు కొండే. రాతి పగులులోంచి లోపలికి వెళితే పట్టపగలులా వెలుగు. వరసగా విస్తళ్ళు, పొగలు కక్కే అన్నం. చెంగల్వ తిండి తిని రెండు రోజులైంది. ఆమె కళ్ళు దించుకుని విస్తళ్ళను దాటుతూ పోయింది. చివరి విస్తరి దగ్గర సూరమ్మ కూర్చుని దండ గుచ్చుతోంది. అదే ఆకుపచ్చ చీర, మోచేతి మీద అదే కాలిన మచ్చ.

"వచ్చేవేటే?" అంది సూరమ్మ, తల ఎత్తకుండానే. "ఎంత నడిచేవో, కాళ్ళు సూడు. కూకో. అన్నం సల్లారిపోతాది."

చెంగల్వ కూర్చుంది. కూర్చోకుండా ఉండడం ఎవరి తరం? సూరమ్మ ముద్ద కలిపి ఆమె నోటి దగ్గర పెట్టింది. చేతి వాసన కూడా అమ్మదే. చెంగల్వ చెయ్యి నడుము వైపు పోయింది. రాయి ఏట్లో ఉంది. నిజమేదో చూపేది ఇప్పుడేమీ లేదు.

ఆమె కుంకుడు గింజలను అరచేతిలోకి తీసుకుంది. "అమ్మా, ఇవి ఎలా దొరికాయో చెప్పవా?"

"అదేటే, మర్సిపోనావా?" సూరమ్మ ముద్దుగా నవ్వింది. "నీ కోసం కొండెక్కి, సెట్టెక్కి, కొమ్మ వంచి కోసేను."

చెంగల్వ గింజల మీద గుప్పిట మూసింది. ఏరువాళ్ళ ఇంట పుట్టి, ఏరువాళ్ళ ఇంటికి కోడలైన సూరమ్మ బతికినన్నాళ్ళూ ఒక్క కాయ కూడా కోసి ఎరగదు. పొలిమేర మామిడి పండు కూడా రాలేదాకా ఆగి తినేది.

"ఆకలి లేదమ్మా," అంది చెంగల్వ.

"పోతావేటి? మళ్ళీ కనపడను."

చెంగల్వకు అది తన తల్లి కాదని తెలుసు. తెలిసి కూడా, లేచి వీపు తిప్పడానికి ఎసరు మరిగేంతసేపు పట్టింది. తిప్పాక ఇక వెనక్కి చూడలేదు. వెనుక వెలుగు ఒక్కో విస్తరి దగ్గరా ఆరిపోతూ వచ్చింది.

కొండ చివరన ఒక గుహ, గుహలోకి సముద్రపు పాయ. ఆ నీటి అంచున ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఆమె జుట్టు గుహ నిండా నాచులా చిక్కుపడి, రాళ్ళకు చుట్టుకుని ఉంది. ఆమె తల తిప్పలేక, కళ్ళు మాత్రం తిప్పి చూసింది.

"తెచ్చావా?" అంది.

చెంగల్వ మోకాళ్ళ మీద కూర్చుంది. "తెలియక తీశానమ్మా. విరిచాను. బెజ్జాలు పొడిచాను."

"నువ్వు మూడుసార్లు అడిగావు. నేను నాదే తల్లీ అన్నాను. నువ్వు అప్పటికే పరిగెడుతున్నావు."

"నేను అది తీయడం వల్లేనా, మా అమ్మ పోయింది?"

శోకాలమ్మ కళ్ళలో మొదటిసారి ఏదో కదిలింది. "పిచ్చితల్లీ. ఆ రోజు నేను మీ ఒడ్డుకు ఎందుకు వచ్చాననుకున్నావు? మీ అమ్మ కోసమే వచ్చాను. ఆమె రోజు దగ్గర పడింది. ఏడవబోయే ముందు ముఖం కడుక్కుందామని దువ్వెన ఇసుకలో పెట్టాను. నువ్వు తీసినా తీయకపోయినా ఆమె పోయేదే. నువ్వు ఆపింది చావును కాదు. ఏడుపును."

చెంగల్వ ఆ మాటలను లోపల ఒకటికి రెండుసార్లు చెప్పుకుంది. ఆ తరువాత లేచి, నీటి అంచున పడి ఉన్న కొట్టుకొచ్చిన కర్రముక్క దగ్గరికి పోయి, "ఎవరిదమ్మా?" అని అడిగింది. అల వచ్చి పోయింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆగింది. మూడో అల కూడా పోయాక దాన్ని తీసుకుంది.

ఏడు పళ్ళనూ ఆ కర్రకు కట్టాలి. తాను పొడిచిన బెజ్జాలు ఉన్నాయి. కట్టడానికి తాడు? ఆమె దగ్గర ఉన్నది ఒకటే, తల్లి వెంట్రుకల తాడు. కుంకుడు గింజలను కొంగున ముడి వేసుకుని, తాడును ఒకసారి చెంపకు ఆనించుకుని, ఒక్కో పన్నును దానితో బిగించి కట్టింది. ఏడో పన్ను కట్టేసరికి తాడు అయిపోయింది. ఒక అంగుళం కూడా మిగల్లేదు.

తరువాత శోకాలమ్మ వెనుక కూర్చుని దువ్వడం మొదలుపెట్టింది. కుదుళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి పైకి వస్తే నొప్పి ఉండదని ఆమెకు తల్లి నేర్పింది. అలాగే దువ్వింది. చిక్కు తీయడానికి ఒక పగలంతా పట్టింది. చివరి చిక్కు విడిపోయి జుట్టు నీళ్ళలోకి జారగానే శోకాలమ్మ నోరు తెరిచి, ఆ ఏడాది పోయినవారందరినీ పేరుపేరునా పిలిచి ఏడ్చింది. మొదటి పేరు సూరమ్మ.

చెంగల్వ దువ్వెన పక్కన పెట్టింది. ముందు ఒక చుక్క మోచేతి మీద పడింది. అదేమిటో ఆమెకు వెంటనే తెలియలేదు. తరువాత ఆమె శోకాలమ్మ వీపు మీద వాలిపోయి, ఒక ఏడాది ఏడుపు ఏడ్చింది.

తిరుగుదారిలో ప్రతి ఊరిలోనూ ఏడుపులు వినిపించాయి. ఏటి దగ్గర బక్కపలచని ముసలివాడు కళ్ళు తుడుచుకుంటూ ఆమెను దాటించాడు, ఏమీ అడగలేదు. గురివింద అడవిలో తీగలు పక్కకు ఒదిగాయి; మెల్లకన్ను గింజ పెట్టినచోట చిన్న మొలక ఉంది. కోటలో రాణి ఏడ్చి ఏడ్చి లేచి నిలబడిందని దారిన పోయేవాళ్ళు చెప్పుకున్నారు. చెంగల్వ పున్నమి నాటి మధ్యాహ్నానికి గూడెం చేరింది.

పైడయ్య గడప మీదే ఉన్నాడు. రాయి డొక్కల దాకా వచ్చింది. కళ్ళు ఎండుగానే ఉన్నాయి.

"అందరూ ఏడస్తన్నారే," అన్నాడు తప్పు చేసినవాడిలా. "నాకే రావట్లేదు."

చెంగల్వ ఆయన ఎదురుగా కూర్చుంది. "అయ్యా, దండ కనపడలేదని చెప్పేను కదా. నా దగ్గరే ఉండేది."

"నాకు తెలుసే."

"తెలుసా? మరి అడగలేదేం?"

"అడిగితే విప్పాలి. విప్పితే మీ యమ్మ పోయినట్టే." ఆయన గొంతు రాతి మీద రాయి రాసినట్టు వచ్చింది. "నువ్వు దాసేవు. నాను దాయనిచ్చేను."

ఆమె కొంగు ముడి విప్పి తొమ్మిది కుంకుడు గింజలు గడప మీద పెట్టింది. "అన్నీ ఇచ్చేసేను. ఇవి మిగిలేయి. ఇవి మన వాకిట్లోవి." ఆమె చెప్పడం మొదలుపెట్టింది. "పండగ ముందు రోజు అమ్మ తలంటుకుంటానంది. చెట్టు కింద రాలిన కాయలు ఏరింది. నువ్వు రాయి తీసుకుని కొట్టేవు. తొక్కలు నానబోసి, గింజలు దండకు దాచింది. తొమ్మిది గింజలు."

"తొమ్మిది కాదు," అన్నాడు పైడయ్య.

"తొమ్మిదే అయ్యా. ఇవిగో."

"పదే. ఒకటి నాను గట్టిగా కొట్టేను, పగిలిపోనాది. మీ యమ్మ ఏటందో ఎరుగుదువా? ఒక్క పని సెప్తే సెయ్యలేవు, నీతో నాను నూరేళ్ళు ఎలాగ ఏగాలిరా పైడిగా, అంది. నూరేళ్ళు అంది. నూరేళ్ళు..."

ఆయన నవ్వుతున్నాడు. నవ్వుతూ ఉండగానే ముఖం ముడుచుకుపోయింది. మొదటి బొట్టు డొక్క మీద పడినచోట రాయి చిన్నగా పిటుక్కుమంది. చెంగల్వ ఆయన తల తన భుజం మీదికి తీసుకుంది. పొద్దు వాలేదాకా తండ్రీ కూతుళ్ళు అలాగే ఉన్నారు. రాయి పైనుంచి కిందికి పెంకులు పెంకులుగా రాలిపోయింది. ఎడమ కాలి బొటనవేలు ఒక్కటి మాత్రం రాయిగానే మిగిలింది. అది ఎప్పటికీ తిరిగి రాలేదు. పైడయ్య బతికినన్నాళ్ళూ కొంచెం కుంటుతూనే నడిచాడు.

రాజు చెంగల్వను పిలిపించి, అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు.

"ఒక కట్టుబాటు కావాలి మహారాజా," అంది చెంగల్వ. "ఈ రాజ్యంలో ఎవరైనా, తమరైనా సరే, చెట్టుగానీ రాయిగానీ నేలగానీ తీసుకునేముందు ఎవరిదని మూడుసార్లు అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి."

రాజు ఆమెను తీరమంతటికీ అధికారిణిని చేశాడు. పెద్దయ్యాక చెంగల్వ ఆ తీరాన్ని చాలా ఏళ్ళు ఏలింది, మెడలో గవ్వల దండతోనే. ఆ రాజ్యంలో ఎవరికైనా పోయే కాలం వస్తే ఉత్తరాన కొండ వైపు నుంచి సన్నగా ఏడుపు వినిపించేది. అది విన్నవాళ్ళు భయపడేవారు కాదు. పనులు ఆపి ఆ ఇంటికి వెళ్ళి కూర్చునేవారు.

అదంతా తరువాతి మాట. పైడయ్య లేచిన మరుసటి ఉదయం తండ్రీ కూతుళ్ళు కుంకుడు గింజలను వాకిట్లో పాతి, సముద్రం ఒడ్డుకు నడిచారు. ఏడాదిగా ఎవరూ ఏరకపోవడం వల్ల ఇసుక నిండా గవ్వలు. పైడయ్య ఒక చిన్న పసుపు గవ్వ దగ్గర ఆగాడు. కూతురి భుజం పట్టుకుని వంగి, "ఎవరిదమ్మా?" అని అడిగాడు. అల వచ్చింది, పోయింది. మళ్ళీ అడిగాడు. మరో అల వచ్చి వాళ్ళ పాదాలను, రాతి వేలిని కూడా తడిపి పోయింది. మూడోసారి అడిగాడు. ఇద్దరూ నిలబడి విన్నారు.

ఎవరూ పలకలేదు. అప్పుడు ఆయన ఆ గవ్వను తీసుకున్నాడు.